భవన మరమ్మతు కంట్రాక్టుకు టెండరు పిలిచే పద్ధతి
(సభ్య సంఘాల పాలకవర్గాలకు, కార్యదర్శులకు అభ్యాస పాఠం)

సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు పుస్తకాలు తెరవక ముందు భవనం చుట్టూ ఒకసారి తిరిగి రావడం మాకు అలవాటు. పైకప్పు నుండి నీరు దిగిన మరకలు, పాలు పోసే చోట గుంటలు పడిన బండలు, మురుగు నిలిచిన కాలువ, కరెంటు బోర్డు పక్కన చెమ్మ పట్టిన గోడ కనిపించిన సంఘంలో, ఓచర్ల ఫైలు తిప్పితే ఇంకొక సంగతి కూడా కనిపిస్తూ ఉంటుంది. మరమ్మతుల పద్దు కింద ప్రతి ఏడూ డబ్బు ఖర్చయి ఉంటుంది. డబ్బు వెళ్ళింది, పని మాత్రం నిలవలేదు. ఇందుకు దురాశే కారణమని చెప్పలేము. చాలా చోట్ల పాలకవర్గం మంచిదే, కార్యదర్శి నమ్మకస్తుడే. పని ఎవరికి, ఏ లెక్కన, ఏ షరతులతో ఇవ్వవలెనో తెలియక, ఊరిలో అందుబాటులో ఉన్న మేస్త్రీని పిలిచి నోటిమాటగా అప్పగిస్తున్నారు. వాన వచ్చినప్పుడు మళ్ళీ మొదటికి వస్తుంది.

1970లో మొదలై 1996లో ముగిసిన ఆపరేషన్ ఫ్లడ్ కాలంలోను, ఆ తరువాతను కట్టిన పాల కేంద్రాల భవనాలు ఇప్పుడు వయసు మీరినవి. కొత్త భవనానికి డబ్బు దొరకడం కష్టం. ఉన్నదాన్ని కాపాడుకోవడమే మనకు గల దారి. కనుక ఈ సంచికలో భవన నిర్వహణ పనిని వార్షిక కంట్రాక్టుకు ఇచ్చే పద్ధతిని మొదటి నుండి చివరి వరకు వివరిస్తున్నాము. మీ సంఘపు బైలాలలోను, మీకు వర్తించే చట్టంలోను ఖర్చు మంజూరుకు ఏ పరిమితి ఉన్నదో ముందుగా చూసుకుని, ఈ పాఠాన్ని దానికి లోబడి వాడుకొనవలెను.

1. ఇది చిన్న ఖర్చు కాదు

ఒక లెక్క వేసుకుందాం. రోజుకు 1,000 లీటర్లు సేకరించే సంఘంలో ఒక పూట పాలు సుమారు 500 లీటర్లు. లీటరుకు 40 రూపాయలు అనుకుంటే ఒక పూట పాల విలువ 20,000 రూపాయలు. పితికిన పాలు పశువు ఒంటి వేడితోనే కేంద్రానికి వస్తాయి. వాటిని త్వరగా 4 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చల్లబరచకపోతే సూక్ష్మజీవులు పెరిగి పాలు పులుస్తాయి. పైకప్పు కారి కరెంటు బోర్డులో నీరు దిగి, శీతలీకరణ యంత్రం ఆగిన రాత్రి ఆ 20,000 రూపాయలకు దిక్కు ఉండదు. ఆ పాలు పోసిన వారిలో ఒకే ఒక గేదె ఉన్న ఇల్లాలు ఉంటుంది. పిల్లవాడి ఫీజుకు ఆ వారపు పాల డబ్బు లెక్క పెట్టుకున్న రైతు ఉంటాడు. కారిన కప్పు ఖరీదు చివరికి వారే కట్టుకుంటారు.

రెండవ సంగతి పరిశుభ్రత. 2006 ఆహార భద్రతా ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సుల నిబంధనలలో, ఆహార పదార్థాలతో పని జరిగే చోట నేల, గోడలు, కప్పు ఎలా ఉండవలెనో, మురుగు ఎలా పోవలెనో చెప్పబడింది. భవనం పాడయితే పాల నాణ్యతతో పాటు లైసెన్సు కూడా ఇబ్బందిలో పడుతుంది.

మూడవది బాధ్యత. 1964 సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘాలలో, సంఘపు నిధికి నష్టం కలిగించిన వారి నుండి ఆ సొమ్ము రాబట్టడానికి 60వ సెక్షన్ కింద సర్‌ఛార్జి చర్య గలదు. పద్ధతిగా టెండరు పిలిచి, ప్రతి మెట్టును కాగితం మీద ఉంచిన పాలకవర్గానికి ఆడిటు నాడు జవాబు చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది. నోటిమాటతో పని ఇచ్చిన వారు నిజాయితీపరులే అయినా చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

2. ముందు భవనాన్ని చూడండి

టెండరు కాగితంతో మొదలు పెట్టరాదు. భవనంతో మొదలు పెట్టవలెను. వాన పడుతున్న రోజున కార్యదర్శి, పాలకవర్గ సభ్యులలో ఒకరు, వీలైతే పని తెలిసిన ఇంజనీరు కలిసి ప్రతి గదీ తిరగవలెను. నీరు దిగుతున్న చోటును అప్పటికప్పుడు సుద్దముక్కతో గుర్తు పెట్టి, తేదీ వేసి, పుస్తకంలో వ్రాసుకొనవలెను. ఎండ కాసే రోజున కప్పు చూస్తే పగుళ్ళు కనబడతాయి గాని ఏ పగులు కారుతున్నదో తెలియదు. వాన వెలిసిన తరువాత డాబా ఎక్కి నీరు ఎక్కడ నిలిచిందో చూడవలెను. డాబా వాలు నూరు అడుగుల పొడవుకు కనీసం ఒక అడుగు ఉండాలన్నది సాధారణ కొలత. నీరు నిలిచే డాబాకు పైపూత ఎన్నిసార్లు వేసినా ఉపయోగం లేదు. ముందు వాలు సరిచేయవలెను.

నేల విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. మన ప్రాంతంలో సులభంగా దొరికే షాబాదు బండ, తాండూరు బండ సున్నపురాయి జాతికి చెందినవి. ఒలికిన పాలు పులిసి ఏర్పడే ఆమ్లం, యంత్రాలు కడిగే ఆమ్ల ద్రావణం ఈ రాళ్ళనూ, వాటి మధ్య సిమెంటునూ కొద్ది కొద్దిగా తినివేస్తాయి. పాలు పోసే చోట, డబ్బాలు కడిగే చోట, ట్యాంకు దగ్గర బండలు గుంటలు పడడానికి ఇదే కారణం. అక్కడ మళ్ళీ అవే బండలు వేయించడం డబ్బు నీళ్ళలో పోసినట్లే. ఆమ్లాన్ని తట్టుకునే టైల్సు వేసి, సందులను ఎపాక్సీతో నింపమని పని పట్టికలోనే వ్రాయవలెను. ఆఫీసు గదిలో, వరండాలో మామూలు బండలు చాలును. అంతటా ఖరీదైన పని అవసరం లేదు.

మరమ్మతుకు కాలం కూడా ముఖ్యం. నైరుతి ఋతుపవనాలు జూన్‌లో వస్తాయి. కోస్తాలోను, దక్షిణ జిల్లాలలోను అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు, తుపానులు ఉంటాయి. కనుక వానలలో లోపాలు గుర్తించి, జనవరిలో అంచనా వేయించి, ఫిబ్రవరిలో టెండరు పిలిచి, మార్చి నుండి మే లోపల కప్పు పని పూర్తి చేయించవలెను. మే నెలాఖరులో టెండరు పిలిచే సంఘం తొందరలో ఉన్నదని కంట్రాక్టరుకు తెలుసు. ఆ తొందరకు కూడా ధర వేస్తాడు.

3. పనులను మూడుగా విడదీయండి

నిర్వహణ కంట్రాక్టులో తగవులు రావడానికి మొదటి కారణం "భవనం మరమ్మతులు చేయవలెను" అని ఒక్క వాక్యంతో సరిపెట్టడం. పనులను మూడు తరగతులుగా విడదీయవలెను.

మొదటిది, క్రమం తప్పక చేయవలసిన పని. నెలకు ఒకసారి డాబా మీది ఆకులు, చెత్త తీసి నీటి గొట్టాలు శుభ్రం చేయడం, వారానికి ఒకసారి మురుగు కాలువ కడగడం, తలుపులు, కిటికీల దోమతెరలు సరిచూడడం, సంవత్సరానికి ఒకసారి సున్నం లేక రంగు వేయడం వంటివి. ఇవి ముందే తెలిసిన పనులు కనుక వీటికి సంవత్సరానికి ఒక నికర మొత్తం అడగవచ్చును.

రెండవది, కొలిచి చేయించే పని. పైకప్పు మరమ్మతు, నేల టైల్సు, గోడ పూత వంటివి. ఎంత పని జరుగుతుందో ముందుగా ఖచ్చితంగా చెప్పలేము. కనుక చదరపు మీటరుకు ఇంత అని ధర తీసుకుని, జరిగిన పనిని కొలిచి చెల్లించవలెను.

మూడవది, అత్యవసర పిలుపు. గొట్టం పగిలింది, కప్పు కారుతున్నది, మురుగు ఎదురు తన్నింది అన్నప్పుడు కంట్రాక్టరు మనిషి ఎన్ని గంటలలో రావలెనో ముందే నిర్ణయించవలెను. మామూలు లోపానికి 48 గంటలు ఇవ్వవచ్చు. పాలు చల్లబరిచే పని ఆగిపోయే ప్రమాదం ఉన్న లోపానికి మాత్రం 4 గంటలు మించి ఇవ్వరాదని మా సలహా. ఫోను చేసిన సమయం, మనిషి వచ్చిన సమయం, పని ముగిసిన సమయం వ్రాయడానికి ఒక ఫిర్యాదుల రిజిస్టరు పెట్టవలెను. ఆ రిజిస్టరు లేకపోతే గడువు షరతు కాగితానికే పరిమితమవుతుంది.

ఒక మాట. శీతలీకరణ యంత్రం, జనరేటరు, కరెంటు పనులు భవన కంట్రాక్టులో కలపరాదు. వాటికి వేరే నైపుణ్యం, వేరే లైసెన్సు కావలెను. అన్నీ ఒకరికే ఇస్తే సులువని తోస్తుంది గాని, గోడకు పూత వేసే మేస్త్రీ కంప్రెసరు పని ఇంకొకరికి అప్పగిస్తాడు. ఆ రెండవవాడికి సంఘంతో ఒప్పందమే ఉండదు.

4. అంచనా

పనుల పట్టిక తయారైన తరువాత అంచనా వేయించవలెను. రాష్ట్ర ఇంజనీరింగ్ శాఖల రేట్ల షెడ్యూలు ఇందుకు ఆధారం. మండల స్థాయి ఇంజనీరు గాని, యూనియను ఇంజనీరు గాని సహాయపడగలరు. అంచనా లేకుండా టెండరు పిలిస్తే, వచ్చిన ధర ఎక్కువో తక్కువో చెప్పడానికి కొలబద్ద ఉండదు. అంచనాను పాలకవర్గ సమావేశంలో పెట్టి, పని అవసరం, అంచనా మొత్తం, ఏ నిధి నుండి ఖర్చు చేసేది వివరంగా తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో వ్రాయవలెను.

పరిమితి దాటకుండా ఒకే పనిని ముక్కలు చేయడం కొన్ని సంఘాలలో చూస్తున్నాము. కప్పుకు ఒక కొటేషను, గోడకు ఒకటి, నేలకు ఒకటి తీసుకుని మూడూ ఒకే మనిషికి ఒకే నెలలో ఇస్తారు. ఇది ఆడిటులో తప్పక అభ్యంతరం అవుతుంది. చిన్న పని కొటేషన్ల మీద ఇవ్వవచ్చును గాని, పెద్ద పనిని చిన్నదిగా చూపించరాదు.

5. ప్రకటన, షరతులు

ప్రకటన సంఘం నోటీసు బోర్డు మీద, గ్రామ పంచాయతీ కార్యాలయంలో, యూనియను కార్యాలయంలో, పొరుగు సంఘాలలో అంటించవలెను. మొత్తం పెద్దదయితే స్థానిక దినపత్రికలో వేయవలెను. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ శాఖలకు 2003లోనే ఎలక్ట్రానిక్ టెండర్ల పద్ధతి మొదలయింది. గ్రామ సంఘానికి అంత ఏర్పాటు అవసరం లేకపోయినా, దాని వెనుక ఉన్న సూత్రం మనకూ వర్తిస్తుంది. అర్హత ఉన్న ప్రతి ఒక్కరికీ ఒకే సమాచారం, ఒకే సమయంలో అందవలెను. కనీసం పదిహేను రోజుల గడువు ఇవ్వడం మంచిది.

ప్రకటన ఈ విధంగా ఉండవచ్చును:

"మా సంఘ భవనం వార్షిక నిర్వహణ నిమిత్తం అనుభవం గల కంట్రాక్టర్ల నుండి సీల్డు టెండర్లు కోరబడుచున్నవి. పనుల పట్టిక, షరతులు సంఘ కార్యాలయంలో పని వేళలలో ఉచితంగా పొందవచ్చును. టెండరు వేయగోరు వారు భవనం స్వయంగా చూసుకొనవలెను. సీలు వేసిన కవరు ఫలానా తేదీ మధ్యాహ్నం 3 గంటలలోగా టెండరు పెట్టెలో వేయవలెను. అదే రోజు సాయంత్రం 4 గంటలకు, హాజరైన టెండరుదారుల సమక్షంలో కవర్లు తెరువబడును. గడువు దాటిన టెండర్లు తీసుకొనబడవు."

ధరావత్తు సొమ్ము తీసుకొనడం తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017 ప్రకారం ఇది అంచనా విలువలో 2 నుండి 5 శాతం. ఆ నిబంధనలు మన సంఘాలకు నేరుగా వర్తించవు గాని, కొలతగా తీసుకొనవచ్చును. 1,20,000 రూపాయల అంచనాకు రెండున్నర శాతం చొప్పున 3,000 రూపాయలు. టెండరు రాని వారి ధరావత్తును నిర్ణయం అయిన వెంటనే తిరిగి ఇవ్వవలెను. నెలల తరబడి అట్టిపెడితే మరుసటి ఏడు మంచి మేస్త్రీలు టెండరు వేయరు.

అర్హతలు పనికి తగినట్లు ఉండవలెను. లక్ష రూపాయల పనికి కోట్ల టర్నోవరు అడిగితే ఒకరికోసమే షరతు పెట్టినట్లు అవుతుంది. గత మూడేళ్ళలో ఇటువంటి పని రెండు చోట్ల చేసిన రుజువు, ఆ యజమానుల నుండి సంతృప్తి పత్రం చాలును. ఆ రెండు చోట్లకూ పాలకవర్గం నుండి ఒకరు స్వయంగా వెళ్ళి చూసి రావలెను.

పాలకవర్గ సభ్యుల, ఉద్యోగుల దగ్గరి బంధువులు టెండరు వేయరాదని షరతులో వ్రాయడం క్షేమం. ఊరు చిన్నది, అందరూ ఎక్కడో ఒకచోట చుట్టాలే అవుతారు. అటువంటప్పుడు ఆ సభ్యుడు తన బంధుత్వాన్ని ముందే చెప్పి, ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు సమావేశం నుండి లేచి వెళ్ళవలెను. లేచి వెళ్ళినట్లు మినిట్స్‌లో వ్రాయవలెను.

6. కవర్లు తెరిచే రోజు

చెప్పిన వేళకు, చెప్పిన చోట, కనీసం ముగ్గురు పాలకవర్గ సభ్యుల ఎదుట పెట్టె తెరవవలెను. ప్రతి కవరుకు వరుస సంఖ్య వేసి, ధరలను పైకి చదివి వినిపించి, ప్రతి పేజీ మీద హాజరైన వారు పొట్టి సంతకం చేయవలెను. దిద్దుబాట్లు, కొట్టివేతలు ఎన్ని ఉన్నవో ఆ పేజీ మీదనే వ్రాయవలెను. అంకెలలోను అక్షరాలలోను తేడా ఉంటే ఏది చెల్లుతుందో షరతులలో ముందే చెప్పి ఉంచవలెను. సాధారణంగా అక్షరాలలో వ్రాసినదే తీసుకుంటారు.

ఆలస్యంగా వచ్చిన కవరును తెరవకుండానే వాపసు చేయవలెను. అందులో తక్కువ ధర ఉన్నదని తెలిసినా సరే. పెట్టె తెరిచిన తరువాత అందరి ధరలు తెలిసిపోతాయి. ఆ పైన వచ్చిన తక్కువ ధరకు అర్థం లేదు.

7. ధరలను ఎలా పోల్చవలెను

ఇదే ఈ పాఠంలో ముఖ్యమైన భాగం. ఒక ఊహా సంఘాన్ని తీసుకుందాం. పాలకవర్గం పాత రిజిస్టర్లు చూసి, సంవత్సరంలో 10 అత్యవసర పిలుపులు, 40 చదరపు మీటర్ల కప్పు మరమ్మతు, 12 చదరపు మీటర్ల టైల్సు పని రావచ్చునని లెక్క వేసింది. మూడు టెండర్లు వచ్చాయి.

మొదటి టెండరు: క్రమపు పనికి ఏడాదికి 36,000 రూపాయలు. పిలుపుకు 2,500. కప్పుకు చదరపు మీటరు 950. టైల్సుకు 2,900.

రెండవ టెండరు: క్రమపు పనికి 48,000. పిలుపుకు 900. కప్పుకు 700. టైల్సుకు 2,200.

మూడవ టెండరు: క్రమపు పనికి 54,000. పిలుపుకు 600. కప్పుకు 720. టైల్సుకు 2,100.

చాలా సంఘాలు మొదటి అంకె చూసి 36,000 వేసిన వారికి పని ఇచ్చేస్తాయి. పూర్తి లెక్క కడితే,

మొదటిది: 36,000 + 25,000 + 38,000 + 34,800 = 1,33,800
రెండవది: 48,000 + 9,000 + 28,000 + 26,400 = 1,11,400
మూడవది: 54,000 + 6,000 + 28,800 + 25,200 = 1,14,000

అన్నిటికంటె చౌక అనుకున్నది రెండవ దానికంటె 22,400 రూపాయలు ఎక్కువ. క్రమపు పనికి తక్కువ వేసి, పిలుపులలోను కొలత పనులలోను రాబట్టుకోవడం అనుభవం గల కంట్రాక్టర్లకు తెలిసిన విద్యే. దానిని తప్పు పట్టి లాభం లేదు. లెక్క కట్టుకోవలసిన బాధ్యత మనది.

ఇక్కడ ఇంకొక సూక్ష్మం గలదు. పిలుపులు 10 కాక 20 అనుకుంటే ఏమవుతుందో చూడండి. రెండవ టెండరు 1,20,400 అవుతుంది. మూడవది 1,20,000 అవుతుంది. ఇప్పుడు మూడవదే తక్కువ. అంటే ఎన్ని పిలుపులు, ఎంత కొలత అన్న అంకెలను కవర్లు తెరిచిన తరువాత నిర్ణయిస్తే, పాలకవర్గం తనకు నచ్చిన వారిని గెలిపించుకొనవచ్చును. ఆ ఉద్దేశం లేకపోయినా ఆ అపవాదు వస్తుంది. కనుక పోలికకు వాడే అంకెలను ప్రకటనకు ముందే తీర్మానంలో వ్రాసి, పనుల పట్టికలోనే అచ్చు వేయవలెను. ఫిర్యాదుల రిజిస్టరు ఉన్న సంఘానికి ఈ అంకెలు నిజానికి దగ్గరగా వస్తాయి.

పన్ను విషయం కూడా ముందే తేల్చుకొనవలెను. 2017 నుండి జి.ఎస్.టి. అమలులో ఉన్నది. సేవలలో ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవరు గల మేస్త్రీకి రిజిస్ట్రేషను అవసరం ఉండదు. పెద్ద కంట్రాక్టరుకు ఉంటుంది. ఒకరు పన్ను కలిపి, ఒకరు కలపకుండా వేసిన ధరలను పక్క పక్కన పెట్టి పోల్చరాదు. తాజా పాల అమ్మకం మీద జి.ఎస్.టి. లేదు. పాలు మాత్రమే అమ్మే సంఘం తాను చెల్లించిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకోలేదు. ఆ సంఘానికి పన్ను కూడా ఖర్చే. కాబట్టి పన్నుతో కలిపిన మొత్తాలనే పోల్చవలెను.

8. మరీ తక్కువ ధర, ఒకే టెండరు, బేరం

అంచనాలో సగానికి ఎవరైనా టెండరు వేస్తే సంతోషించడానికి ముందు ఆలోచించవలెను. సిమెంటు, ఇసుక, కూలి అందరికీ ఒకటే. తక్కువ వేసినవాడు సిమెంటు తగ్గించాలి, లేక కూలి ఎగవేయాలి, లేక మధ్యలో వదిలి వెళ్ళాలి. ప్రభుత్వ పనులలో అంచనాకంటె బాగా తక్కువ వేసిన వారి నుండి అదనపు భద్రతా సొమ్ము తీసుకునే నిబంధన ఉంటుంది. మనమూ అటువంటి షరతు ముందే పెట్టుకొనవచ్చును. ఆ ధరకు పని ఎలా చేయగలరో అంశాల వారీగా వ్రాతపూర్వకంగా వివరణ అడగవలెను. వివరణ తృప్తికరంగా లేకపోతే కారణాలు వ్రాసి ఆ టెండరును పక్కన పెట్టవలెను. కారణం వ్రాయకుండా తక్కువ టెండరును తోసిపుచ్చరాదు.

ఒకే టెండరు వస్తే ఒకసారి మళ్ళీ పిలవడం మంచిది. రెండవసారి కూడా ఒకటే వచ్చి, ధర అంచనాకు దగ్గరగా ఉంటే కారణాలు వ్రాసి ఆమోదించవచ్చును.

కవర్లు తెరిచిన తరువాత ఒక్కొక్కరినీ పిలిచి బేరమాడడం మన పల్లెల అలవాటు. సంతలో గేదె బేరానికి అది సరిపోవచ్చు గాని టెండరుకు పనికిరాదు. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007లో ఇచ్చిన సూచనల ప్రకారం, అసాధారణ పరిస్థితులలో తప్ప అతి తక్కువ ధర వేసిన వారితో కూడా బేరం ఉండరాదు. బేరం ఉంటుందని తెలిసినప్పుడు ప్రతివాడూ తగ్గించడానికి వీలుగా ధర పెంచే వేస్తాడు. అప్పుడు సీలు వేసిన కవరుకు విలువ పోతుంది.

9. ఒప్పందం, కొలత, చెల్లింపు

టెండరు ఆమోదం తరువాత స్టాంపు కాగితం మీద ఒప్పందం వ్రాసుకొనవలెను. పనుల పట్టిక, ధరలు, కాలపరిమితి, గడువు తప్పితే జరిమానా, రద్దు చేసే విధానం అందులో ఉండవలెను. భద్రతా సొమ్ము 5 శాతం తీసుకుంటే పై ఉదాహరణలో 1,11,400కు 5,570 రూపాయలు. కప్పు పనికి విడిగా ఒక షరతు ఉండవలెను. ఒక పూర్తి వానకాలం గడిచి, కారలేదని తేలిన తరువాతనే ఆ పని తాలూకు నిలుపుదల సొమ్ము విడుదల చేయవలెను. కప్పు పనికి అసలు పరీక్ష వానే పెడుతుంది.

పని చేసే కూలీల సంగతి మరువరాదు. కనీస వేతనం ఇవ్వడం, డాబా మీద, నిచ్చెనల మీద పని చేసే వారికి తాడు, శిరస్త్రాణం ఇవ్వడం, ప్రమాదం జరిగితే చట్ట ప్రకారం పరిహారానికి బీమా చేయించడం కంట్రాక్టరు బాధ్యత అని వ్రాయవలెను. వ్రాసి ఊరుకొనక పని రోజున చూడవలెను. సహకార సంఘం పనిలో కూలివాడు పడి కాలు విరిగితే, మాకు సంబంధం లేదని తప్పుకోవడం మనకు తగదు.

కొలత పనులను కార్యదర్శి, కంట్రాక్టరు కలిసి కొలిచి కొలతల పుస్తకంలో వ్రాసి ఇద్దరూ సంతకం చేయవలెను. పూత కింద పడిపోయే పనిని పూత వేయక ముందే కొలవవలెను, ఫోటో తీసి ఉంచవలెను. చెల్లింపు బ్యాంకు ద్వారానే జరగవలెను. కంట్రాక్టరుకు ఒకేసారి 30,000 రూపాయలు మించినా, సంవత్సరంలో మొత్తం 1,00,000 రూపాయలు మించినా ఆదాయపు పన్ను మినహాయించవలసిన బాధ్యత సహకార సంఘాల మీద కూడా ఉన్నది. వ్యక్తికి 1 శాతం, కంపెనీకి, భాగస్వామ్య సంస్థకు 2 శాతం. మినహాయించకపోతే ఆ భారం సంఘం మీద పడుతుంది.

10. తనిఖీలో మాకు తరచు కనిపించే లోపాలు

మూడు కొటేషన్లు మూడు పేర్లతో ఉంటాయి, చేతివ్రాత ఒక్కటే ఉంటుంది. ఒక చోట మూడింటిలోను "ప్లాస్టరింగ్" అన్న మాట ఒకే విధంగా తప్పుగా వ్రాసి ఉన్నది. కొటేషను తేదీ పని ముగిసిన తేదీకి తరువాత ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చిన ఓచరు ఉంటుంది, దానిని మినహాయించిన బిల్లు ఉండదు. కొలతల పుస్తకంలో గది వైశాల్యంకంటె వేసిన టైల్సు ఎక్కువ ఉంటాయి. ఇవి కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. సర్వసభ్య సమావేశానికి వచ్చే ఏ సభ్యుడైనా టేపు పట్టుకుని గది కొలవగలడు. కొలవవలెనని కూడా మేము కోరుతున్నాము. అందుకే టెండర్ల తులనాత్మక పట్టికను, సంవత్సరంలో చేసిన చెల్లింపులను నోటీసు బోర్డు మీద పెట్టమని ప్రతి సంఘానికీ చెబుతున్నాము.

అభ్యాసం

పాలకవర్గ సమావేశంలో ఈ ప్రశ్నలను చర్చించి, జవాబులు వ్రాసుకొనవలెను.

1. మీ భవనంలో క్రిందటి వానకాలంలో నీరు దిగిన చోట్లు ఎన్ని? అవి ఎక్కడ వ్రాసి ఉన్నవి?

2. గత మూడేళ్ళలో మరమ్మతులకు మొత్తం ఎంత ఖర్చయింది? ఒకే పనికి రెండుసార్లు చెల్లించిన సందర్భాలు ఉన్నవా?

3. పై ఉదాహరణలో కప్పు పని 40 చదరపు మీటర్లకు బదులు 80 చదరపు మీటర్లు అయితే మూడు టెండర్లలో ఏది తక్కువ? లెక్క కట్టండి.

4. పాలు చల్లబరిచే గదిలో రాత్రి పూట నీరు దిగితే ఎవరికి ఫోను చేయవలెనో మీ కేంద్రంలో పని చేసే ప్రతి ఒక్కరికీ తెలుసా?

5. మీ బైలాల ప్రకారం అధ్యక్షుడు, పాలకవర్గం, సర్వసభ్య సమావేశం ఎంత వరకు ఖర్చు మంజూరు చేయవచ్చును?

మూడవ ప్రశ్నకు జవాబు: రెండవ టెండరే తక్కువ. మొత్తం 1,39,400 రూపాయలు. మూడవది 1,42,800, మొదటిది 1,71,800. మీ లెక్క ఇలా రాకపోతే ఏడవ భాగం మళ్ళీ చదవండి. ఈ లెక్క ఒక్క కార్యదర్శికే కాక పాలకవర్గంలో కనీసం ఇద్దరికైనా రావలెను. పాలు పోసే సభ్యుడి డబ్బు ఎటు పోయిందో చెప్పగలవారు ఎంత ఎక్కువమంది ఉంటే సంఘం అంత గట్టిగా ఉంటుంది.